అద్దాల మీటింగ్ రూమ్

మదీనాగూడ హైవే మీదున్న మా హోటల్‌ను అందరూ పాత హోటల్ అంటారు. ఈ వైపు ఓ పాతికేళ్లు నిలబడితే చాలు, భవనానికి చరిత్ర ఉన్నట్టే లెక్క. మా భవనం చరిత్ర మాత్రం గెస్టులకు చెప్పకూడదని ఓనర్ గట్టిగా చెప్పాడు. హోటల్ కాకముందు అది కాన్పుల దవాఖాన.

దాచడం అంత తేలిక కాదు. స్ట్రెచర్ పట్టేలా పెట్టిన తలుపులు ఏనుగుకు కూడా సరిపోతాయి. మెట్ల పక్కనే పై అంతస్తు దాకా ర్యాంప్. కారిడార్ గోడలకు పట్టుకుని నడిచే కడ్డీలు. "ఇంత వెడల్పు తలుపులేంది?" అని ఎవరైనా అడిగితే, రిసెప్షన్‌లో కూర్చునే నేను "పాతకాలం దర్జా సార్" అనేదాన్ని. ఒకాయన ఆ దర్జాను మెచ్చుకుంటూ రివ్యూ కూడా రాశాడు.

రెండో అంతస్తులో కారిడార్ వైపు గోడంతా అద్దమే ఉన్న గదిని మీటింగ్ రూమ్ చేశారు. ఐటీ వాళ్లు లోపల వాదించుకుంటుంటే బయటికి అంతా కనిపించేది, ఏమీ వినిపించేది కాదు.

ఈ ఏడాది భవనం కూల్చి టవర్ కడతామన్నారు. బోరబండలో ఇంటికెళ్లి ఆ మాట చెప్పాను. నేను ఇన్నేళ్లు పనిచేసినా ఒక్కసారీ అటు రాని మా అమ్మ, "కూలగొట్టేలోపు నాకు ఆ అద్దాల గది చూపిస్తవా?" అంది. నాకు ముందు ఒక అక్క పుట్టి పోయిందని తెలుసు. అది అక్కడేనని అప్పుడే తెలిసింది.

"పిల్లను ఆ గదిల కిటికీ మూలకు పండవెట్టిండ్రు. అద్దంలకెల్లే చూసిన. లోపలికి రానియ్యలే, ఎత్తుకోనియ్యలే," అంది.

నాకు ఆ దవాఖాన మీద కోపం ముంచుకొచ్చింది. దవాఖాన ఇప్పుడు లేదు కాబట్టి కోపాన్ని ఎవరి మీద చూపించాలో తోచలేదు.

ఆదివారం చర్చి నుంచి నేరుగా తీసుకెళ్లాను. అమ్మ కడ్డీ పట్టుకుని, నన్ను దారి అడగకుండానే ర్యాంప్ ఎక్కింది. అద్దం దగ్గర ఆగిపోయింది.

"పోవచ్చమ్మా, ఇప్పుడు ఎవ్వరేమనరు," అన్నాను.

చెప్పులు గుమ్మం బయటే విడిచి, కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వచ్చింది. నేను గోడకున్న స్లాట్‌లో కీ కార్డు పెట్టగానే లైట్లు, ఏసీ ఒకేసారి మొదలయ్యాయి. అమ్మ పెద్ద బల్ల చుట్టూ తిరిగి, కిటికీ మూలనున్న కుర్చీని మెల్లగా పక్కకు జరిపి, అక్కడే నిలబడింది. ఏడుస్తుందేమోనని నాకు భయం వేసింది. ఏడవలేదు. తలెత్తి ఏసీ వైపు చూసింది.

"జర ఆ ఏసీ బంద్ చెయ్యి బిడ్డా. పిల్లకు సలి పెడ్తది."