విడిది చూసుకునే మనిషి

శనివారం పొద్దున్న పెందుర్తిలో గృహప్రవేశం, మధ్యాహ్నం ఎలమంచిలిలో వియ్యాలవారింటి భోజనం, సాయంత్రం సీతమ్మధారలో రేపటి ఏర్పాట్లు, ఆదివారం తెల్లారితే బీచ్ రోడ్డు మీద ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. ఇదంతా విని మా ఆవిడ, "ఈ వయసులో మీకు ఊరేగింపులు ఎక్కువయ్యాయి" అంది. నేను కాదనలేదు.

వియ్యాలవారు నాకు కాదు, మా బావకి. బావంటే చుట్టం కాదు. తను స్టీల్ ప్లాంటులో, నేను పోర్టులో టగ్గు మీద. ఉద్యోగాల్లో చేరిన కొత్తలో ఒకే సందులో అద్దెకుండేవాళ్ళం, అప్పట్నుంచీ ఒకర్నొకరం బావ అనే పిలుచుకుంటాం. ఆ లెక్కన వాళ్ళమ్మాయికి నేను మావయ్యని. ఆ అమ్మాయికే ఎలమంచిలి సంబంధం కుదిరింది.

పరుగులో నాది పేసర్ పని. పక్కవాడు మొదట్లో ఎగిరెగిరి పడకుండా, చివర్లో చతికిలబడకుండా, అనుకున్న టైముకి చేరేలా పక్కనే ఉండి వేగం పట్టి ఉంచాలి. పెద్ద ఓడని టగ్గుతో బెర్తుకి చేర్చడం లాంటిదే, తొందరపడితే ఇద్దరికీ దెబ్బ. పోయినేడు ఇంకో ఇద్దరు స్నేహితుల్ని ఇలాగే గట్టుకి చేర్చాను. ఈసారి బావ వంతు. పోయినసారి సగం దారి నడిచి మూడు గంటలు దాటించాడు, ఈసారి రెండున్నరలోపు రావాలని పంతం పట్టాడు. షుగరుందని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ కూతురే తెల్లారగట్ట లేపి పరిగెత్తించేది. నైట్ షిఫ్టు దిగి, ప్లాంటు బస్సులోంచి సరాసరి బీచ్ రోడ్డుకొచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

పెందుర్తిలో ఇల్లు కట్టింది నాతో డ్యూటీ చేసేవాడు. "రేపు పరుగుంది, బూరెలొద్దు" అంటే, "పరుగుందంటే ఇంకా తినాలి కాదేటి" అని మరో రెండు వేశాడు. మా బావకీ అదే మర్యాద జరిగింది. ఆ బరువుతోనే ఎలమంచిలి బయల్దేరాం.

పెళ్ళికొడుకు తండ్రి బెల్లం వ్యాపారి. మనిషి మంచివాడే, గొంతే కాస్త పెద్దది. మా బావ చెప్పులు గేటు దగ్గరే విప్పేశాడు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. ముహూర్తం మీ ఇష్టమన్నాడు, వంటలు మీ ఇష్టమన్నాడు, ఆఖరికి ఫ్యాను ఎంతలో తిరగాలో కూడా మీ ఇష్టమేనన్నాడు. వాళ్ళు పెద్దగా అడిగిందేమీ లేదు. కానీ అడక్కముందే ఒప్పుకునేవాడు ఎదురుగా ఉంటే ఎంత మంచివాడికైనా అది అలవాటైపోతుంది.

నాటుకోడి కూర వడ్డిస్తుండగా ఆయన చల్లగా చెప్పాడు. "రేపు వైజాగు పరుక్కి నానూ పేరిచ్చేనండి బావగారూ. ఇరవయ్యొకటే. మీరూ పరిగెడతన్నారంట?"

"ఏదోలెండి బావగారూ. మీ ఎనకాల నడుసుకుంటూ వచ్చెత్తాను" అన్నాడు మా బావ.

ఏడాది చెమటని ఒక్క మాటతో కాలవలో పోసేశాడు. నాకు ఒళ్ళు మండింది. పరాయి ఇంట్లో విస్తరి ముందు కూర్చుని పోట్లాడలేక ఊరుకున్నాను.

తిరుగుదారిలో కారెక్కగానే పట్టుకున్నాను. "ఏటి బావ, ఆ మాటేటి?"

"ఆడపిల్ల తండ్రిని బావ. తగ్గితే మన సొమ్మేటి పోద్ది? అన్నట్టు, పెళ్ళిలో విడిది నువ్వే సూసుకోవాల. ఆళ్ళకి ఏ లోటూ రాకూడదు."

మగపెళ్ళివారు దిగిన ఇంట్లో కాఫీల దగ్గర్నుంచి కోపతాపాల దాకా కనిపెట్టుకుని ఉండాల్సిన పని అది. నమ్మకమైన మనిషికే అప్పజెబుతారు. సరేనన్నాను.

సాయంత్రం సీతమ్మధారలో వాళ్ళింటికి వెళ్ళేసరికి అమ్మాయి మా నంబర్లు చొక్కాలకి పిన్నులు పెట్టి ఉంచింది. తనూ పది కిలోమీటర్లు పరిగెడుతోంది. ఎలమంచిలి సంగతి చెబితే వింది, తండ్రినేమీ అనలేదు. నన్ను మాత్రం వరండాలోకి పిలిచింది.

"మావయ్యా, రేపు దారిలో ఆయన కనిపిస్తే నాన్న ఆగిపోతాడు. ఆగనివ్వకు. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఉండాల్సింది నేను. నాన్న ఎంత కిందకి వంగితే, నేను అంతకంటే కింద మొదలుపెట్టాలి."

అలాగేనమ్మా అన్నాను. ఎలాగో నాకే తెలీదు.

ఆదివారం చీకటుండగానే బయల్దేరదీశారు. బెల్లం వ్యాపారి గులాబీరంగు చొక్కాలో మమ్మల్ని దాటి, చెయ్యూపి, కుర్రాడిలా దూసుకుపోయాడు. మా బావ ముఖంలో పెద్ద రిలీఫు. మేం మా లెక్క ప్రకారం వెళ్ళాం. తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు ఎక్కాం, సాగర్‌నగర్ దాటాం, రుషికొండలో వెనక్కి తిరిగాం. మా బావ ఊపిరి, అడుగు, రెండూ కుదురుగా ఉన్నాయి. ఇంత బాగా పరిగెత్తడం నేనెప్పుడూ చూళ్ళేదు.

జోడుగుళ్ళపాలెం దగ్గరికొచ్చేసరికి ముందు గులాబీరంగు చొక్కా కనిపించింది. ఆయన డొక్కలో చెయ్యి పెట్టుకుని, నాలుగడుగులు పరుగు, పదడుగులు నడక. మా బావ అడుగు దానంతటదే మెత్తబడింది.

"దాటు బావ" అన్నాను.

"మగపెళ్ళివోళ్ళని రోడ్డు మీద వొదిలేసి ఎల్లిపోతావేటి? సూసినోళ్ళు ఏటంతారు?"

"సూసినోళ్ళెవరున్నారు? ఆ పక్క సముద్రం, ఈ పక్క కొండ!"

తిట్టాను, బతిమాలాను. వినలేదు. ఆయనకి ఇరవై అడుగుల వెనక, పెళ్ళి ఊరేగింపులో బుద్ధిగా నడిచేవాడిలా నడుస్తున్నాడు. మా వెనక ఉన్నవాళ్ళంతా దాటిపోతున్నారు. టైము జారిపోతోంది. వరండాలో అమ్మాయి అన్న మాటే నా చెవిలో ఉంది. పేసర్ అన్నాక పక్కనుండి వదలకూడదు, అది నేను పెట్టుకున్న నియమం. ఆ నియమం పట్టుకుని కూర్చుంటే ఇవాళ పని జరగదని అర్థమైంది.

"బావ, విడిది ఎవర్ని సూసుకోమన్నావ్?"

"నిన్నే."

"మరింకేటి? విడిది నాను సూసుకుంటాను. నువ్ పద."

ఆగి నా ముఖంలోకి చూశాడు. కాదనడానికి ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాడు. విడిదికి మనిషుంటే పెళ్ళికూతురి తండ్రి తన పని మీద తను వెళ్ళొచ్చు. అందులో తప్పు పట్టేవాడు ఈ జిల్లాలోనే లేడు.

"ఆయనకి మంచినీళ్ళు..."

"నానిత్తాను."

"కాలు గానీ పట్టేత్తే..."

"నాను పిసుకుతాన్రా బాబూ, నువ్ పద!"

వెళ్ళాడు. పక్కనుంచి దాటేటప్పుడు కూడా పరిగెడుతూనే రెండు చేతులూ జోడించి, "వత్తాను బావగారూ" అన్నాడు. తర్వాత వెనక్కి చూళ్ళేదు.

నేను ఆయన పక్కకి చేరి నీళ్ళ సీసా అందించాను. తాగాడు. "మీ బావ ఎల్లిపోయేరే" అన్నాడు.

"ఎల్లేరండి."

ఆయన ముఖం నల్లబడింది. కుదిరిన సంబంధాన్ని నా చేతులతో నేనే చెడగొట్టానా అని భయం వేసింది. నిజంగానే భయపడ్డాను. ఆ కరెంటు స్తంభం దాకా నడుద్దాం, ఆ పైదాని దాకా పరిగెడదాం అని చెబుతూ, చిన్నగా తీసుకొచ్చాను. ఆయనా చెప్పినట్టు చేశాడు. లాసన్స్ బే దాటాక అన్నాడు.

"పెళ్ళిలో ఎవరైనా అడిగితే, నానే ఆయన్ని ముందు పొమ్మన్నానని సెప్పండి."

"జరిగిందదే కదండీ" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు, నవ్వేసరికి డొక్క మళ్ళీ పట్టేసింది. ఇంకో స్తంభం దాకా నడిచాం.

మేం ముగింపు గీత దాటేసరికి తండ్రీ కూతుళ్ళు అక్కడే ఉన్నారు. మా బావ మెళ్ళో పతకం ఉంది. మమ్మల్ని చూడగానే పాత అలవాటు కొద్దీ నీళ్ళ సీసాతో పరిగెత్తుకొచ్చాడు. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, ఆయాసపడుతూనే అడిగాడు.

"ఎంతలో వచ్చేరు బావగారూ?"

మా బావ నోరు తెరిచాడు. ఆ నోరు నాకు బాగా తెలుసు, ఏదోలెండి అనడానికి తెరిచిన నోరది. అమ్మాయి పక్కనే నిలబడి తండ్రినే చూస్తోంది.

"రెండు గంటల ఇరవయ్యెనిమిది నిమిషాలండి" అన్నాడు మా బావ. ఆగి, "ఏడాది కష్టపడ్డానండి. మా అమ్మాయే పరిగెట్టించింది" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను.

ఆయన నడుం నిలబెట్టి, కాబోయే కోడలి వైపు తిరిగాడు. "అయితే వచ్చే ఏడు నన్నూ పరిగెట్టించాలమ్మా."

"తెల్లారగట్ట లేవాలి మావయ్యగారూ. రోజూ" అంది ఆ అమ్మాయి, నవ్వకుండా.

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "నీ ఇష్టమమ్మా" అన్నాడు.