పండుగకు ముందు మోసుకెళ్ళిన మామిడిపండ్లు

నిన్న పొద్దున మా కోడలు పాలకొల్లు బజారు నుంచి ఈ ఏటి మొదటి మామిడిపండ్లు తెచ్చి, కోసి పళ్ళెంలో పెడితే, మందు వేసి ముగ్గించారేమోనని ముక్క చేతిలో పట్టుకుని వాసన చూస్తూ కూర్చున్నాను. అనుమానం పెనుభూతం అని మావారు నవ్వారు. నిజమే కానీ ఆ భూతం నన్ను పట్టింది బజారులో కాదు, పోలవరం దాటాక వచ్చే కొండల్లో, అదీ మామిడిపండ్ల దగ్గరే.

చాలా ఏళ్ళ కిందటి మాట, అప్పుడు నేనొక కన్సల్టెన్సీలో కొత్తగా చేరాను. పోలవరం ప్రాజెక్టు ముంపులో పోయే ఒక కొండరెడ్ల గూడేనికి వెళ్ళి, కొత్త ఊరు ఎలా ఉంటే సుఖంగా ఉంటారో వాళ్ళనే అడిగి, ఆ మాట పైవాళ్ళకు చేరవేయడం మా పని. మన వైపు ఒకరింటికి వట్టి చేతులతో వెళ్తామా? మా మేనేజరుగారు కొత్తపల్లి కొబ్బరి మామిడిపండ్లు బుట్టెడు లాంచీలో ఎక్కించారు. గూడెంలో బుట్ట దింపితే ఒక్కరు ముట్టుకోలేదు సరికదా, దగ్గరకు రాబోయిన పిల్లల్ని తల్లులు చెయ్యి పట్టి వెనక్కి లాగేశారు. ఎవరో ముందే వచ్చి వీళ్ళ చెవిలో ఏదో ఊదారని మేనేజరుగారి అనుమానం, ఆయనే మాకు చెప్పకుండా ఏదో దాస్తున్నారని నా అనుమానం.

సాయంత్రం ఊరిపెద్ద భార్య, నేను అక్కా అని పిలిచేదాన్ని, పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని అసలు సంగతి చెప్పింది. మామిడి పండుగనాడు అమ్మవారికి పెట్టందే కొత్త పండు వాళ్ళు నోట పెట్టరు, పెడితే ఊరికి కీడు. పండుగ రాకుండానే పండ్లు మోసుకొచ్చామంటే, తమ చేత తప్పు చేయించి, అమ్మవారికి కోపం తెప్పించి, ఆ వంకతో ఊరు ఖాళీ చేయించడానికేనని గూడెమంతా అనుకుందట. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది, ఎందుకంటే మేము వెళ్ళింది ఊరు ఖాళీ అయ్యే పని మీదే కదా.

బుట్ట వెనక్కి తెచ్చేసి, వాళ్ళ పండుగ అయ్యాక మళ్ళీ వెళ్ళాము. అప్పుడు మాట్లాడారు. కోరింది పెద్దదేమీ కాదు, గూడెమంతా ఒక్కచోటే ఉండాలి, మామిడిచెట్ల మధ్య అమ్మవారికి చోటుండాలి. అంతా చెప్పాక ఊరిపెద్ద నా వైపు తిరిగి, "మీరడిగేది మా మాట వినడానికా అమ్మా, విన్నామని చెప్పుకోడానికా?" అన్నాడు. వినడానికేనండీ అన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆ మాట పైదాకా వెళ్ళిందో, మేనేజరుగారి బల్ల దగ్గరే ఆగిపోయిందో ఇప్పటికీ తెలియదు. ఆగిపోయిందనే నా అనుమానం. గూడెం రెండు కాలనీలుగా చీలిపోయింది, చెట్టన్నది లేని మైదానంలో వరుస ఇళ్ళొచ్చాయి.

కిందటి వేసవిలో అక్కను చూడడానికి వెళ్ళాను. ఊరిపెద్ద పోయి చాలా కాలమైందట. ఆవిడ మామిడిపండు కోసి నా చేతిలో పెడితే, పండుగైపోయిందా అక్కా అని అడిగాను.

"అమ్మకే చోటు లేదు, ఇంకా పండుగేంటి? తిను" అని తనే ముందు కొరికింది.

ఆనాడు పిల్లల్ని వెనక్కి లాగిన తల్లుల చేతులు గుర్తొచ్చి ముక్క చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఎవరినైనా అనుమానించాలన్నా కాపాడుకునేది ఒకటుండాలి కదా. వాళ్ళకది పోయింది, అనుమానం మాత్రం నా దగ్గర మిగిలిపోయింది.