అన్ని తెరల మీదా మా చిలకే

ల్యాప్‌టాప్ కొంటున్నామని తెలిసిన రోజు నుంచి మా ఎమ్మిగనూరులో ప్రతివాడూ కంప్యూటర్ ఇంజనీరైపోయాడు. మా వీధిలో ఒక్కరింట్లోనూ ల్యాప్‌టాప్ లేదు గానీ సలహాలకు మాత్రం కొదవ లేదు. టీ బంకు ఆయన నల్ల రంగు కంపెనీదే కొనమన్నాడు. వాళ్ల తోడల్లుడి ఆఫీసులో అది టేబుల్ మీద నుంచి పడినా చెక్కుచెదరలేదట. మా మేనమామ వెండి రంగు కంపెనీదైతే చూపుకు బాగుంటుందన్నాడు, అదేదో పెళ్ళిచూపుల వ్యవహారమైనట్టు. మూడో కంపెనీ మాటెత్తితే మాత్రం అందరిదీ ఒకే పాట.

"అది వద్దు పాపా. శానా వేడెక్కుతాదంట. ఒళ్లో పెట్టుకుంటే చీర కాల్తాదంట."

ఎవరి చీర కాలిందని అడిగితే ఎవరికీ తెలియదు. కంపెనీల అసలు పేర్లు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. నల్లది, వెండిది, వేడిది అనే మూడు పేర్లతోనే మా చర్చలన్నీ నడిచాయి. పెన్‌డ్రైవ్‌ను తాయెత్తులా మెడలో వేసుకుని తిరిగే కాలం అది. కర్నూలులో చీరల డిజైన్లు కంప్యూటర్‌లో గీసే కోర్సు చేసొచ్చిన నేను, మెడలో ఆ తాయెత్తుతో, నల్లదే కొనాలని తీర్పు చెప్పేశాను. నా తీర్పుకు తిరుగు ఉండకూడదని నాకప్పుడు గట్టి పట్టుదల.

ఇదంతా సరదాకు కాదు. మా నాయన నేతగాడు. ఆయన చేతికి పేరు తెచ్చింది చిలకల అంచు. అంచులో బొమ్మ పడాలంటే చిల్లులు కొట్టిన అట్టలను వరుసగా కుట్టి మగ్గం పైన వేలాడదీస్తారు. ఆ చిలకలను నాయన తానే గీసుకుని అట్టలు కొట్టించుకున్నాడు. నాలుగు చిలకలు ఒక వరుస, నాలుగూ నాలుగు తీర్లు. అట్టలు కుట్టేటప్పుడు నాలుగో చిలక తల దగ్గరివి తిరగబడ్డాయి. దాంతో మూడు చిలకలు ముందుకు చూస్తుంటే, నాలుగోది మెడ తిప్పి వెనక్కి చూడటం మొదలుపెట్టింది. నాయన అట్టలు విప్పబోయాడు. పక్కన నూలు కండెలు చుడుతున్న అమ్మ వద్దంది.

"ఉండనీ. ఎనకాల ఎవురన్నా వస్తాండారేమో అని చూస్తాండాది పాపం."

అలా ఆ తప్పు మా ఇంటి గుర్తుగా నిలిచిపోయింది.

మాకు పడుగు నూలు ఇచ్చి, నేసిన చీరలు తీసుకునే షావుకారు ఏళ్ళ తరబడి ఆ అంచే అడిగేవాడు. ఒకసారి హైదరాబాదులో ఎగ్జిబిషన్‌కు శాంపిల్ కావాలన్నాడు. నాయన అంతకుముందు ఎన్నడూ వేయని దానిమ్మగింజ ఎరుపు మీద పచ్చ చిలకలతో ఒకే ఒక్క చీర నేసిచ్చాడు. ఆ ఎరుపు కుదిరేదాకా అద్దకం వేసే ఇంటి నుంచి కదల్లేదు. చీర తీసుకుని షావుకారు భలే మెచ్చుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే చిలకల అంచుకు పడుగు ఇవ్వడం మానేశాడు.

"ఆ అంచు ఎవురూ అడుగుతాలేరప్పా. జనానికి మొగం మొత్తింది," అన్నాడు.

నాయన ఆ మాట నమ్మాడు. అదే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే సంగతి. చిలకల అట్టలను గోనెపట్టాలో చుట్టి అటక మీద పెట్టేశాడు. సాదా అంచు చీరలు నేస్తూ, "కాలం మారింది, నా చెయ్యి పాతబడింది" అని తనలో తాను అనుకునేవాడు. ఈ ఏడు చూసి మగ్గం విప్పేస్తాననీ, పత్తి జిన్నింగు మిల్లులో వాచ్‌మన్ పనికి పోతాననీ అమ్మతో చెప్పాడు. మగ్గం లేని ఇంట్లో ఆయన ఎట్లా ఉంటాడో నేను ఊహించుకోలేకపోయాను. అందుకే ల్యాప్‌టాప్. కొత్త అంచులు నేను గీయాలి, వాటితో ఆ మగ్గం నిలవాలి. మామూలు కంప్యూటర్ మా ఊరి కరెంటు కోతలకు పనికిరాదు.

ఇద్దరం పొద్దున్నే బస్సెక్కి కర్నూలు వెళ్ళాం. కంప్యూటర్ల కొట్టు గుమ్మం దగ్గర నాయన చెప్పులు విడిచాడు. ఎవరూ విడవలేదు చూడమని నేను గొణిగినా వినలేదు. లోపల కౌంటరు మీద మూడు కంపెనీలవీ పక్కపక్కనే తెరిచి పెట్టి ఉన్నాయి. నేను నల్లదాని ముందు నిలబడి, ప్రాసెసర్ అనీ మెమరీ అనీ కొట్లో అతన్ని ప్రశ్నలడుగుతూ నా చదువంతా ఒలకబోస్తున్నాను. తెర మీద చీరల ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి మారుతున్నాయి. ఒక పట్టుచీర, ఒక పూల చీర, ఆ తర్వాత దానిమ్మగింజ ఎరుపు మీద పచ్చ చిలకలు.

పక్కకు చూశాను. వెండిదాని మీదా అదే. వేడిదాని మీదా అదే. మూడు తెరల మీదా మూడేసి చిలకలు ముందుకు చూస్తున్నాయి, నాలుగోది వెనక్కి చూస్తోంది. మా గోడకున్న ఫొటోను ఎవరో మాకు తెలియకుండా తెచ్చి బజార్లో తగిలించినట్టుంది.

నేను చీర చూసి మురిసిపోతున్నాననుకున్నాడు కొట్టతను.

"కలర్ ఎట్ల ఉండాది చూడక్కా! చీరల హోల్‌సేల్ ఆయన ఒకాయన ఆల్బం మా దగ్గరే చేయించినాడు. రంగులు బాగా కనపడతాయని అన్నిట్లో ఏసినాం. ఈ అంచు ఈ ఏడు శానా పోతాందంట. పెండ్లిండ్లకంతా ఇదే అడుగుతాండారంట."

"ఈ చిలకలనా?" అన్నాను.

"ఇవే. ఇంకా ఉండాయి చూడు."

మీట నొక్కాడు. నీలం మీద చిలకలు. గులాబీ మీద, పసుపు మీద, నలుపు మీద చిలకలు. అన్నీ తళతళ మెరిసే మిల్లు గుడ్డలు. అన్నింట్లోనూ నాలుగో చిలక మెడ తిప్పి వెనక్కే చూస్తోంది. తప్పును కూడా వదల్లేదు. మా అమ్మ జాలిపడి ఉంచిన తప్పును ఏ ఊళ్ళోనో మరమగ్గాలు తానులు తానులుగా నేసి పోస్తున్నాయి. నాకు కోపం రావడానికి కూడా కాసేపు పట్టింది.

నాయన ఎరుపు చీర ఫొటో మళ్ళీ చూపించమన్నాడు. తెర దాకా వంగి, చిలక మీద వేలు పెట్టబోయి ఆగాడు.

"ఇది నేను నేసిందే," అన్నాడు నాతో మెల్లగా. "కడమవన్నీ దీన్ని చూసి తీసినవి. ఈ ఎరుపు నేను ఒక్క చీరకే ఏసినా."

ఆ ఒక్క చీర ఎవరి చేతికిచ్చామో ఇద్దరికీ తెలుసు. షావుకారు పేరు మాత్రం ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పోదాం పద నాయనా. ఈ కొట్లో ఏమీ కొనొద్దు," అని గట్టిగా అరిచేశాను. కొట్టతను బిత్తరపోయి ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఆయప్పనెందుకు అంటావు, ఆయప్పకేం తెల్సు," అన్నాడు నాయన. "వచ్చినాం గదా, కొందాం. ఏ కంపెనీదో నువ్వే చెప్పు."

నెలల తరబడి పోగేసిన జ్ఞానంలో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

"నాకు తెల్దు. అన్నిట్లో మన చిలకే ఉండాది," అన్నాను.

అప్పుడు నాయన చేసిన పనికి నాకు మతిపోయింది. స్టూలు అడిగి వేయించుకుని, ఒక్కో ల్యాప్‌టాప్ ముందూ కూర్చుని, తాను అద్దించిన ఎరుపును చూడటం మొదలుపెట్టాడు. నల్లదాంట్లో ఎరుపు బెల్లం రంగు కొడుతోందన్నాడు. వెండిదాంట్లో చిలకలకు పసుపెక్కిందన్నాడు. వేడిదాని ముందు చాలాసేపు కూర్చున్నాడు. దోచుకున్నవాళ్ళు తీసిన ఫొటోతోనే ఆయన బేరం చూసుకుంటున్నాడు. అంత గుండె ఆయనకు ఎక్కడిదో నాకు అర్థం కాలేదు.

"దీంట్లో నా ఎరుపు నా ఎరుపు మాదిరే ఉండాది. ఇదే ఇయ్యప్పా. ఆ బొమ్మలు తీసేయొద్దు, అట్లే ఉండనీ."

ఊరు ఊరంతా వద్దన్న కంపెనీ.

ఇంటికి వచ్చాక అమ్మ చేతులు తుడుచుకుని తెర ముందు కూర్చుంది. ఎరుపు చీర చూసి సంబరంగా నవ్వింది. నీలం, గులాబీ, పసుపు వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. అన్నీ అయిపోయాక, "దాన్ని గూడా ఇడిసిపెట్టలేదే," అంది. నాలుగో చిలకను తలుచుకుని ఆ పూట అన్నం తినలేదు. నాయన మాత్రం, "అయితే జనానికి మొగం మొత్తలేదు," అన్నాడు. మళ్ళీ అదే మాట అన్నాడు. ఆ గొంతులో సంతోషమెంతో దుఃఖమెంతో నేను తేల్చుకోలేకపోయాను.

మర్నాడు షావుకారు ఇంటికి పడుగు తెచ్చుకోవడానికి వెళ్ళాల్సిన రోజు. ల్యాప్‌టాప్ తీసుకుని నన్నూ రమ్మన్నాడు నాయన. దారి పొడుగునా నేను జవాబులు సిద్ధం చేసుకున్నాను. తనకేమీ తెలియదని షావుకారు అంటే ఏమనాలి, ఎగ్జిబిషన్‌లో ఎవరో ఫొటో తీసుకుని ఉంటారంటే ఏమనాలి, దేవుడి మీద ఒట్టు వేస్తే ఏమనాలి, అన్నీ.

షావుకారు తెల్లబట్టల్లో పరుపు మీద కూర్చుని ఉన్నాడు. నాయన ఆయన ఎదుట ల్యాప్‌టాప్ తెరిచి, ఎరుపు చీర చూపించాడు. ఆ తర్వాత మిల్లు చీరలు ఒక్కొక్కటే చూపించాడు.

"ఎవురూ అడగని అంచు ఇదేనా షావుకారూ?"

షావుకారు తెర వంక చూశాడు. మొహంలో ఒక్క గీత కూడా మారలేదు. చేయి చాచి, చీర మడత తడిమి చూసినట్టే ల్యాప్‌టాప్ మూత అంచును తడిమాడు.

"బాగుండాదప్పా. ఏ కంపెనీది?"

అబద్ధానికి సిద్ధపడి వచ్చాను, దబాయింపుకు సిద్ధపడి వచ్చాను, ఈ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. ఆ క్షణాన షావుకారు నన్ను కొట్టినా అంత దిమ్మెరపోయేదాన్ని కాదు.

మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగని ఆ కంపెనీ పేరును నాయన తడబడకుండా పలికాడు.

"మీరూ ఇదే తీసుకోండి షావుకారూ. నా రంగు దీంట్లో దాచినా దాగదు."

మూత వేసి ల్యాప్‌టాప్ నా చేతికిచ్చాడు. మా కోసం కట్టి ఉంచిన పడుగు గోడవారగా ఉంది. నాయన దాని వంక చూడను కూడా చూడలేదు. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగాడు. భుజం మీద పడుగు లేకుండా ఆయన ఆ ఇంటి నుంచి రావడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. కూలి పనైనా లేకుండా పోయిందని నాకు భయం వేసింది. ఏం చేద్దాం నాయనా అని అడిగాను.

"ఇంటికి పోతానే అటక మీద అట్టలు దింపల్ల," అన్నాడు. "చిలకలవి."