కనకం అప్పజెప్పిన రాజధాని పాఠం

ఉదయం ఏడున్నరకు శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సు నుంచి బయల్దేరాం. నేను ఎచ్చెర్ల అవతల సముద్రం ఒడ్డున ఉన్న చిన్న బడిలో ఐదో తరగతికి చెబుతాను. నాతో మా తరగతి పిల్ల కనకం, వాళ్లమ్మ రాములమ్మ. భర్త చేపల వేటకు గుజరాత్ బోట్ల మీద పోతే, రాములమ్మ రాజధానిలో కాంక్రీటు పనికి పోతోంది. ఈసారి పిల్లనూ తీసుకుపోతానంది. చదువు ఆగిపోతుందని పోరాడి, విజయనగరంలో ఆడపిల్లల హాస్టలు బడిలో సీటు మాట్లాడాను. కనకాన్ని అక్కడ చేర్పించి తల్లి సాయంత్రం రైలెక్కాలి.

ఆమదాలవలస స్టేషనుకు బస్సులో అరగంట పైనే పట్టింది. ఈ దారిన వెళ్లేవారు కాస్త ముందే చేరుకోండి, లేకపోతే పాసింజరులో నిలబడే పోవాలి. మాకు కిటికీ పక్కన చోటు దొరికింది. పొందూరు దాటాక రాములమ్మ మూట విప్పి ఇడ్లీ పొట్లాలు తీసింది. మూటలోంచి ఎండు నెత్తళ్ల వాసన గుప్పుమంది.

కనకం మంచి హుషారులో ఉంది. నేను నేర్పిన పాఠాన్ని ఎదుటి సీటు పెద్దాయనకు గడగడా అప్పజెప్పింది. రాజధానిలో జనం ఎక్కువ, అన్ని జిల్లాలవాళ్లూ ఉంటారు, బడులు, బట్టల కొట్లు, బంగారు కొట్లు, హోటళ్లు, కట్టుబడి పనులు ఉంటాయి.

"అయితే మీ అమ్మకి ఊసులాడ్డానికి మనుసులకి కొదవ నేదన్నమాట!" అన్నాడాయన.

రాములమ్మ నవ్వలేదు. "జనం ఉన్నారు బాబూ. మా పేటలో నెత్తళ్లు ఏపితే సాలు, పక్కింటోలు గిన్నెలట్టుకుని వచ్చేత్తారు. అక్కడ ఏపితే తలుపులేసేసుకుంటారు. ఒక్కదాన్నే కూకుని తింతాను."

ఆ పేటలో ఎండుచేపల కూర ఒంటరిగా తినేవాళ్లను నేనెప్పుడూ చూడలేదు. వాసన వచ్చిందంటే పిలుపు అక్కర్లేదు, ఎవరి అన్నం వాళ్లు తెచ్చుకుని ఆ ఇంటి అరుగు మీదే కూర్చుంటారు. తల్లి మాట విన్నాక కనకం పాఠం ఆపేసింది. చీపురుపల్లి వెళ్లింది, నెల్లిమర్ల వెళ్లింది, అమ్మ మూట వైపే చూస్తూ కూర్చుంది.

పదిన్నరకు విజయనగరంలో దిగి, ఆటోలో గంటస్తంభం మీదుగా వెళ్లాం. బడి గేటు ముందు కనకం ఆగిపోయింది.

"నానుండను మేస్టారూ. అమ్మతోటి ఎల్తాను."

"చదువు పోతుందే తల్లీ."

"అక్కడా బడులున్నాయని మీరే సెప్పారు కదా. అమ్మకాడ కూకుని తినీవోలు నేరు."

"ఒసే, నాను తినే కూడు గొడవ నీకేటే?" అని రాములమ్మ కసిరింది. కసురుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను బతిమాలాను, కోప్పడ్డాను. పిల్ల తల్లి చెయ్యి వదల్లేదు. చివరికి రాములమ్మే, "రానీండి మేస్టారూ, అక్కడ బడిలో ఎయ్యకపోతే ఒట్టు" అంది.

సాయంత్రం ఇద్దర్నీ జనరల్ పెట్టెలో ఎక్కించాను. లోపల కాలు పెట్టే సందు లేదు. కనకం ఎలాగో ఇరుక్కుని కూర్చుని, మూటను ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి నాకు చెయ్యి ఊపింది. బండి కదిలాక నాకు ఏడుపొచ్చింది.

విజయనగరం బస్సు కాంప్లెక్సులో భోజనం సహించలేదు. శ్రీకాకుళం బస్సెక్కి కూర్చున్నాను. రేపు తరగతిలో అదే పాఠం మళ్లీ అడగాలి. రాజధానిలో ఎవరెవరు ఉంటారంటే, మా పిల్లలు జిల్లాల పేర్లు చెప్పరు. "మన కనకం ఉంటాది మేస్టారూ" అంటారు.