ముగ్గుపిండితో గీసిన స్నోబోర్డు
సికింద్రాబాద్ పక్కన కాప్రాలో మా మేడ మీద నిలబడి మంచుకొండల గురించి ఆలోచించడం నాకు అలవాటైపోయింది. చలికాలం మొదట్లో, సాయంత్రం పూట, చెరువు వైపు నుంచి పల్చటి తెల్లదనం లేచి ఇళ్ల మధ్య ఆగుతుంది. అది మంచో, పొగో, ఎవరో తగలబెట్టిన చెత్తో నేను విచారించను. కళ్లు సగం మూస్తే చాలు, మోకాళ్లు వాటంతటవే వంగుతాయి. నీళ్ల ట్యాంకు పక్కనుంచి కశ్మీరు వాలు ఒకటి తెల్లగా కిందికి దిగిపోతుంది.

నలభై దాటాక స్నోబోర్డు, అంటే ఒకే పలక మీద రెండు పాదాలూ అడ్డంగా బిగించి మంచు మీద జారడం, నేర్చుకున్న ఆలుమగలం మేము. అందరూ నవ్వారు, నవ్వనీ. పోయిన శీతాకాలం మావారు కశ్మీరులో అద్దె బోర్డు మీద, పొద్దుటి గట్టి మంచులో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. ఆయనవి పెద్ద పాదాలు, ఆ బోర్డేమో సన్నది. మలుపులో ఒరిగేసరికి బూటు కొన మంచుకు తగిలి, బోర్డు అంచు పట్టు తప్పింది. చెయ్యి అతుక్కుంది గానీ భయం పోలేదు. “నువ్వు పో. నేను కింద కూసోని చాయ్ తాగుత” అనేవారు. నాకు ఒళ్లు మండేది. ఆయన లేకుండా ఆ కొండ నాకెందుకు? ఆ మాట మొహానే అన్నాను కూడా. విననట్టు టీవీ సౌండు పెంచారు.

ఇక లాభం లేదని, ఆయన అడక్కుండానే ఆయనకో బోర్డు వెతకడం మొదలుపెట్టాను. అక్కడి మంచు రోజంతా ఒక్కలా ఉండదు. పొద్దున గచ్చులా గట్టిగా ఉంటుంది, ఎండెక్కితే తడి ఇసుకలా అవుతుంది, చెట్ల మధ్య కొత్తగా పడిందేమో కాలు దిగబడేంత మెత్తన. అన్నిటికీ ఒకటే బోర్డు కావాలి. మరీ మెత్తనిది గట్టి మంచు మీద వణుకుతుంది, మరీ బిగువైనది మాలాంటి వాళ్ల మాట వినదు. ముందు కొన కాస్త పైకి లేచి ఉంటే కొత్త మంచులో తేలుతుంది. పొడవు చూసేది మనిషి ఎత్తును బట్టి కాదు, బరువును బట్టి. ఇవన్నీ కుదిరినది ఒకటి ఆన్‌లైన్‌లో దొరికింది. దాని వెడల్పు ఆయన పాదాలకు చాలుతుందా అన్నదొక్కటే తెలియాలి.

సికింద్రాబాద్‌లో బోర్డు ఎక్కి చూసి కొనుక్కునే దుకాణం ఎక్కడుంది? మా పుట్టింట్లో, బజారుకు రాలేని వాళ్ల పాదం న్యూస్‌పేపరు మీద గీసి, కత్తిరించి, చెప్పుల కొట్టుకు పట్టుకెళ్లేవాళ్లం. అది గుర్తొచ్చి, టేపుతో కొలిచి, ఆ బోర్డును ఉన్నదున్నట్టు మేడ మీద ముగ్గుపిండితో గీశాను. మాపటి వెలుతురులో అది నేలకు అంటీ అంటనట్టు కనిపించింది. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. తర్వాత ఆయన మంచు బూట్ల కోసం కిందికి వెళ్లాను. వాటిని ఎప్పుడో అటకెక్కించారు మహానుభావులు.

నేను తిరిగి వచ్చేసరికి, ఆరేసిన బట్టలు తీయడానికి పైకొచ్చిన మా అత్తమ్మ, బోర్డు చుట్టూ ఇంకో గీత పెట్టేశారు.

“ఒంటి గీత ఉంచొద్దు బిడ్డా, ఇంటికి మంచిగ కాదు” అని, బట్టలు భుజాన వేసుకుని దిగిపోయారు.

ఆ గీత చెరిపేద్దామని వంగుతున్నాను, ఏం చేస్తున్నానో చూద్దామని వెనకే వచ్చిన ఆయన నా చేతిలోంచి బూట్లు అందుకున్నారు. లుంగీ మీదే తొడుక్కున్నారు.

“ముగ్గు తొక్కిస్తవా నాతోని?”

“బోర్డండీ అది. ఎక్కండి.”

ఎక్కి, అడ్డంగా నిలబడి, మోకాళ్లు కొద్దిగా వంచారు. కాసేపు కిందికే చూశారు. పల్చటి తెల్లదనం ఆయన వెనక ఇళ్ల మీదుగా కదులుతోంది. ఆయన మొహంలో ఏదో విచ్చుకుంది. అలా ఆయన్ని చూసి ఎన్నాళ్లయిందో.

“సరిపోయింది గదా. లోపల్నే ఉన్నయ్ కాళ్లు. ఇదే ఆర్డర్ పెట్టు, పోదాం.”

ఆయన చూస్తున్నది అత్తమ్మ గీసిన గీత. లోపలున్న నా గీతను ఆయన బూట్లు ఎప్పుడో దాటిపోయాయి. నోరు మూసుకుంటే ఆయన వస్తారు. వస్తే మళ్లీ అలాగే పడతారు.

“అది మీ అమ్మగారు పెట్టిన గీతండీ. బోర్డు దాని లోపలి గీత. మీ బూట్లు రెండు వైపులా బయటికొచ్చాయి. ఇది మీకు పనికిరాదు.”

అన్నానే గానీ నాకు ఏడుపొచ్చింది. వద్దనడానికి ఆయనకు ఒక్క సాకు చాలు, దాన్ని నేనే చేతిలో పెట్టాను.

ఆయన దిగలేదు. గొంతుక్కూర్చుని, నా గీతను అరచేత్తో నెమ్మదిగా చెరిపేశారు. అత్తమ్మ గీత ఒక్కటే మిగిలింది.

“గింత వెడల్పుది ఉంటదేమో చూడు” అన్నారు, తలెత్తకుండానే. “భయమైతే ఉంది నాకు. ముందల ఉరకకు. నా పక్కపొంటే దిగు.”