వేడి మీద పసుపు

మొన్న ధర్మవరం నుంచి మా తమ్ముడి కొడుకు ఫోన్లో ఒక ఫొటో పంపాడు. అద్దకం తొట్టిలోంచి అప్పుడే తీసిన పట్టుదారపు చిలప, ఇంకా నీళ్లు కారుతున్నాయి. ఈ రంగు బాగుందా అత్తా అని కింద ప్రశ్న. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి, హిందూపురంలో కూర్చుని ఏ రంగుకైనా తీర్పు చెప్పగలనని వాడి నమ్మకం. మా నాయన ఉంటే ఆ తడి చిలపతోనే వాడికి రెండు తగిలించేవాడు.

నాయన పట్టుకు రంగులద్దేవాడు. చిలప చల్లారి, నీడన ఆరేదాకా మా ఇంట్లో రంగు పేరు ఎవరూ ఎత్తకూడదు. తొట్టి పక్కగా వెళ్లేటప్పుడు అమ్మ కూడా చూపు తిప్పుకునేది. "వేడి మీద కనపడేది రంగు కాదుమ్మా. ఆరినాంక చెప్పు" అనేవాడు. నేను ఆ మాటను అన్నంతో పాటే తిని పెరిగాను.

ఇంటర్ ప్రాక్టికల్ పరీక్ష పెనుకొండలో పడింది. పాసైతే హిందూపురంలో డిగ్రీ, తప్పితే ఇంట్లో నేతకు దారం కండెలు చుట్టడం అని నాయన ముందే తేల్చేశాడు. నాకు వచ్చిన లవణం తెల్లటి పొడి. పరీక్షనాళికలో వేసి కాల్చాను. వచ్చిన గాలికి సున్నపు తేట పాలలా తెల్లబడింది, కార్బొనేట్ అని రాసుకున్నాను. నాళికలో మిగిలిన పొడి మాత్రం నిమ్మపండు రంగుకు తిరిగింది. చూశాను, కానీ పెన్ను ఎత్తలేదు. బుద్ధిగా చల్లారేదాకా కూర్చుని, మళ్లీ తెల్లబడ్డాక 'తెలుపు' అని రాశాను. ఆ ఒక్క మాటతో లోహం తేలుతుందా? కాసేపు అటూ ఇటూ ఊగి మెగ్నీషియం అని రాసేశాను.

ఎగ్జామినర్ నా కాగితం చూసి, కాల్చేటప్పుడు రంగేమీ మారలేదా అని అడిగారు. పసుపైంది సార్ అన్నాను. మరి రాయలేదేమంటే మా ఇంటి కట్టుబాటు చెప్పాను. పక్క బల్లవాళ్లు నవ్వారు. డిగ్రీ పోయిందని నాకు ఏడుపొచ్చింది. ఆయన నవ్వకుండా మళ్లీ కాల్చమన్నారు. మళ్లీ పసుపు వచ్చింది.

"ఇది కూడా రంగేనమ్మా. రాయి" అన్నారు.

వేడి మీద పసుపు, చల్లారితే తెలుపు, అది జింక్ గుర్తు. మెగ్నీషియం కొట్టేసి జింక్ అని రాశాను. పాసయ్యాను.

నాయన ఈ కథ నమ్మలేదు. నేను లెక్చరరైన కొత్తలో ఒక సెలవురోజు ఆయన్ను మా ల్యాబ్‌కు తీసుకెళ్లి, అదే పొడిని కాల్చి చూపించాను. చల్లారి తెల్లబడుతుంటే నాళిక మీదికి వంగిపోయాడు.

"ఆ పసుపు యాడికి పాయెమ్మా?"

వేడికి పొడిలోంచి రవ్వంత ఆక్సిజన్ బయటికి పోతుందని, చల్లారితే తిరిగొస్తుందని పాఠం చెప్పాను. సగం విని, ఇంగొక తూరి కాల్చమన్నాడు. అట్లా నాలుగుసార్లు. నాలుగోసారి నాళిక ఇంకా మంట మీద ఉండగానే, నెమ్మదిగా, "పసుపే" అన్నాడు. జీవితంలో మొదటిసారి వేడి మీద రంగు పేరు ఎత్తాడు.

నాయన పోయి చాలా ఏళ్లయింది. ఫొటో పంపిన పిల్లవాడికి, రంగు బాగుంది, ఆరినాక ఇంకో ఫొటో పంపు అని రాశాను. మొదటిసారి కాల్చినప్పుడు సున్నపు తేటను తెల్లబరిచి వెళ్లిపోయిన గాలి ఇక ఆ పొడిలోకి తిరిగి రాదు; పసుపు మాత్రం ఎన్నేళ్ల తర్వాతైనా, కాస్త వేడి తగిలితే చాలు, వచ్చి నిలబడుతుంది.