కత్తెర చప్పుడు తియ్యమన్నరు

తెలంగాణ కొట్లాట జోరు మీదున్న రోజులవి. కోరుట్లల మా చెల్లె బీడీలు చేసుకుంట పాడే పాటను దీక్ష శిబిరంల వినిపియ్యాలని, ఇంట్ల కంప్యూటర్ల రికార్డు చేసిన. ఆ పని నాకెవలూ నేర్పలే. గొంతు తెగితెగి వస్తుంటే కంప్యూటర్ల బఫర్ అనే సెట్టింగు పెంచిన, ఆ తెగుడు పోయింది. కని టిక్కు టిక్కుమనే చప్పుడు మాత్రం పోలే. మైకు మార్చిన, వైరు మార్చిన. చివరికి చూస్తే, చెల్లె ఒళ్లె చాట, చేతుల ఆకు కత్తిరించే కత్తెర!

"గది పక్కన పెట్టి పాడు చెల్లె" అన్న.

పెట్టింది. రెండో చరణం కాడ ఆగిపోయింది. "చేతులు ఊకుంటే పాట యాదికొస్తలేదే అన్నా. ఆ చాట ఇటియ్యి."

శిబిరం నడిపేటాయన పాట విని, "పెద్దయ్యా, గీ కత్తెర చప్పుడు తీసెయ్. సాఫ్‌గ ఉండాలె" అన్నడు.

"ఎవల కోసం కొట్లాడుతున్నవయ్యా? బీడీలు చేసే చేతులు నీకు కచరా అయినయా?" అన్న.

నవ్వుకుంట అవతలికి పోయిండు. పాట వెయ్యలే. చెల్లె పొద్దూకేదాక శిబిరంల మైకు ముందట కూసొని తన గొంతు కోసం చూసింది.

"నేనే ఖరాబు పాడిన్నా అన్నా?" అని అడిగింది ఇంటికి పోంగ.

రాష్ట్రం వచ్చింది. చెల్లె అడిగిన ఆ మాట తెచ్చిన మంట మాత్రం నాకింకా సల్లారలే.